కొండలెక్కు కోడలికి సంక్రాంతి కానుక

గుడివాడ ప్రాంతమునుండి ఒక సోదరి మాకు లేఖ వ్రాసిరి. వారి కోడలు విజయవాడలో ఉద్యోగము చేయుచున్నది. ఆరు దినములు కార్యాలయమున కూర్చుండి పనిచేసిన ఆ పిల్ల ఏడవ దినమున విశ్రమింపక, తోడి ఉద్యోగినులతో గూడి తెల్లవారకముందే బయలుదేరి, ఒకమారు కొండపల్లికి, ఒకమారు మంగళగిరికి పోయి కొండలెక్కి వచ్చుచున్నదట. ఈ సంక్రాంతి సెలవులలో అరకు ప్రాంతమున మూడు దినములు నడచి రావలెనని సంకల్పించినదట.

ఏటేట పండుగకు కోడలికి చీర పెట్టుట ఆ యింటి ఆచారము. అందులకై ఈ సోదరి రెండువేల రూపాయలు తీసి యుంచిరి. ఈ యేడు కోడలు, “అత్తయ్యగారూ, చీరలు చాల ఉన్నవి. కొండకు పనికివచ్చునది ఏదైన ఇప్పించండి” అని అడిగినది. “వద్దనుటకు మనసొప్పదు, సరేయనుటకు ధైర్యము చాలదు. ఇంతకును ఏమి కొనవలెనో నాకు తెలియదు” అని వారు మాకు వ్రాసిరి.

ఇందు రెండు ప్రశ్నలు గలవు. ఒకటి వస్తువును గూర్చినది, రెండవది భయమును గూర్చినది. మొదటి దానికి తగిన సమాధానము దొరకినచో రెండవది సగము తీరునని మా నమ్మకము. కావున ఈ నెల పుటలను ఆ సోదరికే కేటాయించుచున్నాము. ఇట్టి కోడండ్రు, కూతుండ్రు, తమ్ములు గల యిండ్లు నేడు మన జిల్లాలలో పెక్కు గలవు గనుక మిగిలిన సోదరీమణులకును ఇది ఉపయోగపడగలదు.

డెల్టాలో పుట్టి పెరిగిన మనకు కొండ యనిన దూరమునుండి దండము పెట్టుకొనునదియే. వరిచేలు, కాలువగట్లు, కొబ్బరితోటలు తప్ప మనము ఎత్తైన నేల నెఱుగము. అయినను ఒక్క సంగతి గమనింపుడు. విజయవాడయొద్ద ఒకవైపున ఇంద్రకీలాద్రియు, ఆవలి యొడ్డున సీతానగరపు కొండయు నిలిచియుండ, కృష్ణమ్మ వాని నడుమ ప్రవహించుచున్నది. 1957లో ముగిసిన ప్రకాశం బరాజు అచ్చటనే కలదు. బందరు కాలువ, ఏలూరు కాలువ అచ్చటినుండియే మన పొలములకు నీరు తెచ్చుచున్నవి. అనగా కొండలు ముగిసిన చోటనే మన డెల్టా ఆరంభమగుచున్నది. కొండ మనకు పరాయిది కాదు.

మన అవ్వలు మాత్రము కొండలెక్కలేదా? మంగళగిరి నరసింహస్వామికి పానకము సమర్పించుటకు బిందెలు పట్టుకొని మెట్లెక్కినవారు ఎందరు లేరు? అలిపిరినుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లను చంటిబిడ్డ నెత్తుకొని ఎక్కిన తల్లులు ఎందరు లేరు? ఆనాడు దానికి మ్రొక్కుబడి యని పేరు, ఈనాడు వ్యాయామమని పేరు. కాళ్ళు అవియే, ఆయాసము అదియే.

కడపటి యాబది సంవత్సరములలో స్త్రీలు కొండలయందు సాధించినదానిని కూడ తలచుకొందము. 1975 మే 16వ తేదీన జపాను దేశపు వనిత జుంకో తాబేయి ఎవరెస్టు శిఖరము చేరి, అందు కాలుమోపిన తొలి స్త్రీ యయ్యెను. 1984 మే 23న మన దేశపు బచేంద్రీపాల్ అచ్చటికి చేరెను. 2014 మే 25న నిజామాబాదు జిల్లా బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లు నిండకమునుపే ఆ శిఖర మెక్కెను. ఆ బాలికకు తొలి శిక్షణ లభించినది మన భువనగిరి బండమీదనే. మన కోడండ్రందఱును ఎవరెస్టునకు పోవలెనని మేము చెప్పుట లేదు. కొండ నడక పిచ్చిపని కాదనియు, నేర్చుకొని చేయవలసిన పని యనియు మాత్రము చెప్పుచున్నాము.

ఇక కానుకల సంగతి. అన్నిటికంటె ముందు గుర్తుంచుకొనవలసిన సూత్ర మొకటి గలదు. కొండకు పోవువారికి మనమిచ్చు ప్రతి వస్తువును వారు తమ వీపున మోయవలెను. ఇంటిలో వాడు వస్తువునకు అందము, గట్టిదనము, ఘనత చూతుము. కొండకు పోవు వస్తువునకు మొదట బరువు చూడవలెను.

ఈ సూత్రమును మేము పుస్తకములలో చదువలేదు, పొరపాటు చేసి నేర్చుకొంటిమి. కొన్నియేండ్ల క్రిందట మా తమ్ముని కుమార్తెకు పండుగ కానుకగ రెండు పొరల ఉక్కు నీళ్ళపాత్ర నొకదానిని, పేరు చెక్కించి మఱీ, ఇచ్చితిమి. అది మెఱయుచు బహు ముచ్చటగ నుండెను. ఏడాది గడచిన పిమ్మట వారింటికి పోగా అది అలమారపైన నున్నది. “ఇది నీకు నచ్చలేదా?” యని అడిగితిమి. ఆ పిల్ల నవ్వి, “నచ్చినది అత్తా, కాని నీళ్ళు పోయకమునుపే బరువుగ నున్నది” అన్నది. వంటింటి తక్కెడలో పెట్టి చూడగా ఖాళీపాత్రయే ముప్పాతిక కిలో తూగినది. నాటినుండి కొండవారికి ఏమి కొన్నను తక్కెడలో పెట్టక ఇచ్చుట లేదు. ఒక్కదినపు నడకకు వీపున మోయు బరువు మనిషి బరువులో పదియవ వంతునకు మించకుండుట మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఏబది కిలోల పిల్లకు ఐదు కిలోలు. అందు రెండు లీటర్ల నీరే రెండు కిలోలు. మిగిలిన మూడు కిలోలలోనే తక్కినవన్నియు ఇమడవలెను.

మొదట కొనదగినది దీపము. నుదుటికి పట్టీతో కట్టుకొను చిన్న విద్యుద్దీపములు నేడు దొరకుచున్నవి. దుకాణములలో వీనిని హెడ్‌ల్యాంపు లందురు. నూరు గ్రాములకు మించని బరువు గలవి చాలును. చేతిదీప మున్నది కదా, సెల్‌ఫోను వెలుగున్నది కదా యని తోచవచ్చును. మేము కూడ అట్లే అనుకొని ఒకమారు మార్గశిర మాసమున కొండపల్లి కోట చూడబోయితిమి. రెడ్డిరాజుల కాలపు ఆ కోట గోడలను చూచుచు కాలము మఱచితిమి. ఆ ఋతువున మన ప్రాంతమున సాయంకాలము ఐదున్నర దాటిన కొలదిసేపటికే సూర్యుడస్తమించును. దిగునప్పుడు ఒక చేత దీపము, ఒక చేత చీరకుచ్చెళ్ళు పట్టుకొనగా, రాతి నానుకొనుటకు మూడవ చేయి లేకపోయెను. జారి మోకాలు కొట్టుకొంటిమి. అంతకు మించి ఏమియు కాలేదు గాని, రెండు చేతులను విడిచిపెట్టు దీపము విలువ ఆ సాయంకాలమున తెలిసినది. దీపముతోపాటు ఒక జత అదనపు బ్యాటరీలను కూడ ఇయ్యవలెను. వాడని నెలలలో వానిని దీపమునుండి తీసి యుంచుమని చెప్పవలెను. లేనిచో అవి కారి దీపమును చెఱచును.

రెండవది పాదములకు సంబంధించినది. కొండ నడకలో పిల్లలు తఱచుగ ఇబ్బందిపడునది బొబ్బలచేత. చెమటకు తడిసిన నూలు మేజోళ్ళు తడి విడువక చర్మమును మెత్తబఱచును, ఒరపిడి బొబ్బ యగును. ఉన్ని కలిసిన మేజోళ్ళు తడిసినను కొంత వెచ్చదనము నిలుపుకొనును, తొందరగ ఒరయవు. వ్రేళ్ళయొద్ద కుట్టు ఉబ్బుగ లేనివి చూచి రెండు జతలు కొనుడు. ఒకటి తొడుగుకొనుటకు, ఒకటి పొడిగ సంచిలో నుంచుకొనుటకు. మనది నూలుబట్టల దేశము, మంగళగిరి నేతను మించిన వస్త్రము మన ఎండకు లేదు. అయినను తడిసిన నూలు చలిలో శత్రువు. ఎత్తు వేయి మీటర్లు పెరిగిన కొలది చల్లదనము సుమారు ఆరు డిగ్రీలు హెచ్చును. అరకు లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున గలదు. గుడివాడలో పలుచని దుప్పటి చాలిన రాత్రి అచ్చట ఉన్నికోటు కావలెను. ఇంటిలో నున్న ఉన్నికోటునే ఉతికి ఇచ్చినను అది కానుకయే.

పాదరక్షలను మాత్రము చెప్పకుండ కొని తెచ్చి ఆశ్చర్యపఱచుటకు ప్రయత్నింపవలదు. పాదము కొలత ఒకరు చూచి చెప్పునది కాదు. ధనము కలసివచ్చిన యేడు కోడలిని వెంటబెట్టుకొని బీసెంటు రోడ్డునకు పొండు. సాయంకాలము పొండు, ఏలయన పగలెల్ల నడచిన పాదము కొంచెము ఉబ్బియుండును. కొండకు తొడుగుకొను మేజోళ్ళతోనే చెప్పులు తొడిగి చూడవలెను. వ్రేళ్ళకు ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. లేనిచో దిగునప్పుడు గోళ్ళు నొచ్చును.

వీపుసంచి విషయమున కూడ ఇంతియే. రవికెకు కొలత తీసికొనుట ఎఱిగిన మనకు ఇది కష్టము కాదు. మెడ వంచినప్పుడు వెనుక ఉబ్బుగ తగులు ఎముకనుండి నడుముయొక్క తుంటి ఎముకల పైయంచు వరకు టేపుతో కొలువవలెను. సంచి వీపుభాగము ఆ కొలతకు సరిపడవలెను. నడుమునకు పట్టీయున్న సంచియైనచో బరువు భుజములపై గాక తుంటిపై నిలుచును. మూడు దినముల నడకకు మంచి సంచి రెండువేలలో కొంచెము కష్టమే. కనుక ఈ యేటికి ఉన్నదానితో సరిపెట్టుకొనుట మంచిది.

ఇక నీరు. కాలువగట్టున పుట్టిన మనకు ఎక్కడ జూచినను నీరే గనుక, కొండమీద నీరుండదను సంగతి బుద్ధికి తట్టదు. నీళ్ళసీసా ఒక పొర గలదియు, ఒక లీటరు పట్టునదియు, తేలికయైనదియు ఇయ్యవలెను. రెండు సీసాలు ఒక పెద్దదానికంటె మేలు, ఒకటి పోయినను రెండవది మిగులును. చెమట హెచ్చుగ పోయినప్పుడు వట్టి నీరు చాలదు. మందుల దుకాణములో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లములు నాలుగైదు కానుకలో చేర్చుడు. అవి దొరకనిచో, ఒక లీటరు మంచినీటిలో ఆరు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు కలుపవలెను. చెంచాలు తలకొట్టినవిగ నుండవలెను. ఈ కొలత మాత్రము తప్పరాదు, ఉప్పు హెచ్చినచో హాని. మంగళగిరిలో స్వామికి నివేదించు పానకము కూడ, బెల్లము, మిరియాలు, ఏలకులు చేర్చినది, అలసినవారికి హాయి నిచ్చునదే. బెల్లపుపొడి, శొంఠి, మిరియాలు కలిపి పొడిపొట్లములుగ కట్టి యిచ్చినచో, కొండపైన నీట కలుపుకొని త్రాగుదురు. ఇది దుకాణములో దొరకని కానుక.

తినుబండారముల విషయమున మన చేతికి అడ్డులేదు గదా యని సంక్రాంతి పిండివంటలన్నియు కట్టి పంపవలదు. అరిసె రుచియైనదే గాని నూనె విడిచి సంచిని పాడుచేయును. సున్నుండ చేతిలోనే చిదికిపోవును. నువ్వుల ఉండలు, వేరుసెనగ అచ్చులు, వేయించిన అటుకులు తేలికయు, బలకరములును. వానిని ఒక్కొక్క పూటకు ఒక్కొక్క పొట్లముగ వేఱువేఱుగ కట్టవలెను. అడుగున ఒక ఖాళీసంచి నుంచి, కాగితములన్నియు అందులో వేసి యింటికి తెమ్మని చెప్పవలెను. మన వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టిన మనము ఇతరుల కొండపై చెత్త వేయుట తగదు.

చిన్న వస్తువులలో ఈల యొకటి తప్పక కొనుడు. దీని వెల స్వల్పము, బరువు లెక్కకు రానిది. కాలు బెణికి కదలలేని పిల్ల కేకవేసిన గొంతు కొలదిసేపటికే పోవును, ఈల పోదు. కొండలయందు ఆపదకు గుర్తు, ఒక నిమిషములో ఆరుమార్లు ఈల వేసి, ఒక నిమిష మాగి, మరల ఆరుమార్లు వేయుట. విన్నవారు నిమిషమునకు మూడుమార్లు వేసి బదులిత్తురు. ఈ సంగతి ఒక చీటిపై వ్రాసి ఈలకు కట్టి యిండు. దానితోపాటు ఒక చిన్న సంచిలో బొబ్బలకు అంటించు పట్టీలు, గాయమునకు గుడ్డపట్టీ, కోడలు ఎప్పుడును వాడు మందులు అమర్చుడు. మన కొండలయందు పాములు గలవు. పాము కఱచినచో త్రాడు బిగించి కట్టుట, కోయుట, నోటితో పీల్చుట కూడదనియు, కఱచిన కాలిని కదల్పక 108కి ఫోను చేసి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెననియు ఆ చీటి వెనుక వ్రాయుడు.

పలుచని వానకోటు కూడ మంచి కానుక. జనవరిలో వాన అరుదైనను, కొండగాలి నాపుటకును, తడినేలపై పఱచి కూర్చుండుటకును అది పనికివచ్చును. చేతికఱ్ఱ మోకాళ్ళకు స్నేహితురాలు, ముఖ్యముగ దిగునప్పుడు. మడుచుకొను అల్యూమినియపు కఱ్ఱ కొనలేనిచో, భుజమునకు కొంచెము తక్కువ ఎత్తు గల తేలికయైన వెదురుకఱ్ఱకు అడుగున రబ్బరు తొడుగు వేయించి యిచ్చిన చాలును.

ఇప్పుడు లెక్క చూతము. దుకాణమునుబట్టి ధరలు కొంత హెచ్చుతగ్గులుగ నుండును గాని, రెండువేల నిట్లు పంచవచ్చును: తలదీపము, బ్యాటరీలకు 600, ఉన్ని కలిసిన మేజోళ్ళు రెండు జతలకు 500, వానకోటునకు 400, మందులు, పట్టీలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములకు 150, ఈలకు 100, నువ్వులు, బెల్లము, వేరుసెనగలకు 250. వేయి రూపాయలే యున్నవారు దీపమును, ఒక జత మేజోళ్ళను, ఈలను కొనుడు. ఐదువందలే యున్నచో మేజోళ్ళు, ఈల, ఇంట కట్టిన బెల్లపు పొట్లములు చాలును. పసుపు కుంకుమలతో చీర పెట్టు పళ్ళెములోనే వీనిని పెట్టి యిండు. ఆచారము తప్పినట్లు కాదు.

ఈ సోదరి మనసులోని భయమునకు మందు గూడ చెప్పి ముగింతుము. ఆ మందునకు కాసు ఖర్చు లేదు. ఒక కాగితము తీసికొని, కోడలిని పక్కన కూర్చుండబెట్టుకొని నాలుగు సంగతులు వ్రాయించుకొనుడు: ఏ కొండకు, ఏ దారిని పోవుచున్నది, ఎవరెవరు వెంట నుందురు, వారి ఫోను నంబరులేవి, ఎన్ని గంటలకు తిరిగి చేరవలెను. ఆ కాగితమును వంటింటి గోడకు అంటింపుడు. చెప్పిన వేళకు రెండు గంటలు దాటినను కబురు రానిచో ఎవరిని పిలువవలెనో కూడ అందు వ్రాయుడు. కొండ తిరుగువారు ఎల్లరును ఇంట ఒకరికి ఇట్లు చెప్పి పోవలెనని అనుభవజ్ఞులు బోధింతురు. మన యిండ్లలో పిల్లలు చెప్పక పోవుటకు కారణము పలుమార్లు వారి నిర్లక్ష్యము కాదు. చెప్పినచో వద్దందురను సంశయమే. “ఎందుకు పోవుచున్నావు?” అని అడిగిన యింట పిల్లలు దాచుట నేర్చుకొందురు. “ఎన్నింటికి వత్తువు?” అని అడిగిన యింట చెప్పుట నేర్చుకొందురు.

సోదరీ, మీ కోడలు మిమ్ము వస్తువు నడిగినదని మీరనుకొనుచున్నారు. తన ఇష్టమును మీయెదుట దాపఱికము లేక చెప్పి, మీ అంగీకారము నడిగినదని మాకు తోచుచున్నది. తలదీప మామె తన జీతముతో తానే కొనుక్కొనగలదు. అత్తయ్యగారు కొని యిచ్చిన దీపము వేఱు. కొండపై చీకటి పడినప్పుడు దానిని నుదుట కట్టుకొనునపుడెల్ల, ఇంట నొకరు గడియారము చూచుచు తనకై ఎదురుచూచుచున్నారని ఆ పిల్లకు జ్ఞాపకము వచ్చును. అడుగు జాగ్రత్తగ వేయించుటకు అంతకంటె మంచి సాధనము ఏ దుకాణములోను దొరకదు.

పండుగ పిమ్మట మీ కోడలు క్షేమముగ తిరిగి వచ్చిన కబురు మాకు వ్రాయుడు. ఏ వస్తువు పనికివచ్చినది, ఏది వట్టి బరువైనది అనుసంగతి ఆమెచేతనే వ్రాయించినచో మఱింత సంతోషింతుము.